గెలిచిన ఆడపెళ్ళివారు

ఆడపిల్ల తండ్రికి మన పెద్దలు చాలా పనులు అప్పజెప్పి వెళ్ళారు. అల్లుడి కాళ్ళు కడగాలి. వియ్యంకుడు ఏమన్నా నవ్వాలి. కాఫీలో చక్కెర తగ్గిందని మగపెళ్ళివారిలో ఎవరైనా అంటే, అది తన పూర్వజన్మ పాపమే అన్నట్టు ముఖం పెట్టాలి. ఇవన్నీ ఎలా చెయ్యాలో చెప్పారు గానీ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో సొంత టీమ్ చాంపియన్ అయిన రోజునే కూతురి పెళ్ళయి, ఓడిపోయిన టీమ్ అభిమాని వియ్యంకుడి రూపంలో ఎదురుగా కూర్చుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండే రాజారావుకి సరిగ్గా ఆ కష్టమే వచ్చింది.

రాజారావుది తెనాలి. కార్లకి బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఊళ్ళో వాళ్ళ కార్లన్నిటికీ బ్రేకులు చేస్తాడు గానీ ఆయన నోటికి మాత్రం లేవని భార్య గిరిజ అంటూ ఉంటుంది. అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో ఆఫీసు వాళ్ళు ఆయన్ని డెట్రాయిట్ హామర్స్ ఆట చూడ్డానికి తీసుకెళ్ళారు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. తలకి హెల్మెట్లు పెట్టుకున్న బండమనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు, అంతే. కానీ ఆ ఎముకలు కొరికే చలిలో, చిత్తుగా ఓడిపోతున్న టీమ్ కోసం వేలమంది గొంతు చించుకుని అరుస్తుంటే ఆయనకి ముచ్చటేసింది. ఆ రోజు నుంచి హామర్స్ మనిషైపోయాడు. హామర్స్ కూడా ఆయన నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు. ఏటా క్రమం తప్పకుండా ఓడిపోతూ వచ్చారు.

కూతురు అనిక పుట్టాక ఆదివారం మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళవి. సోఫాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మధ్యలో చేగోడీల గిన్నె పెట్టుకుని, హామర్స్ ఎలా ఓడిపోతారో చూసేవారు. "పిల్లకి అ ఆలు నేర్పమంటే టచ్‌డౌన్లు నేర్పాడు మహానుభావుడు" అని గిరిజ సణిగేది. బంతిని అవతలివాళ్ళ గీత దాటించి తీసుకెళ్తే టచ్‌డౌన్. అనికకి తెలుగులో అంకెలు పది దాటి రావు గానీ, హామర్స్ ఏ ఏడు ఎవరి చేతిలో ఎందుకు ఓడిపోయారో అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది.

అలాంటి అనిక, యూనివర్సిటీలో పరిచయమైన నీల్‌ని పెళ్ళి చేసుకుంటానంది. బంగారంలాంటి కుర్రాడు. తండ్రి శ్యామ్‌సుందర్‌ది వరంగల్, ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. తల్లి రేణు నెమ్మదైన మనిషి. అన్నీ కుదిరాయి. ఒక్కటే లోటు. ఆ ఇంటిల్లిపాదీ జెర్సీ షార్క్స్ అభిమానులు.

ఎడిసన్‌లో నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకున్నారు, భోజనాలు అవుతున్నాయి. శ్యామ్‌సుందర్ పట్టు కుర్తా మీద షార్క్స్ టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు. రాజారావుకి నాలిక దురద పెట్టింది.

"బావగారూ, పోయినేడు మీ షార్క్స్ ఆట చూశానండీ. సొరచేపలేమో అనుకున్నా, చింతపండు రసంలో వేస్తే పులుసైపోయేలా ఉన్నారు!"

పదిమందీ నవ్వారు. శ్యామ్‌సుందర్ నవ్వలేదు. చేతిలోని గులాబ్ జామూన్ గిన్నె బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని, నేరుగా పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. రేణు వచ్చి గిరిజ చెవిలో చెప్పింది. "ఆయన అంతే వదినా. వాళ్ళ తమ్ముని పెండ్లిల చాయ్ చల్లారిందని మండపంల నుంచి లేచిపోయిండు. ఇప్పటికీ ఆ ఇంటికి రాకపోకల్లేవు."

తరవాత ఎడిసన్ నుంచి ఫోన్ లేదు. రోజులు వారాలయ్యాయి. నీల్ తండ్రికి నచ్చజెప్పలేక తల పట్టుకున్నాడు. అనిక ఇంటికొచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, అంకుల్ చాలా హర్ట్ అయ్యాడు. నేను ఆ ఇంట్లో ఉండాలి కదా. వాళ్ళు నాకు ఫ్యామిలీ అవ్వాలి కదా. పెళ్ళి అయ్యేవరకు ఫుట్‌బాల్ వద్దు. ఒక్క మాట కూడా వద్దు. ప్రామిస్ చెయ్."

"పెళ్ళి అయ్యేవరకు కాదు, అప్పగింతలయ్యేవరకు" అని గిరిజ వెనక నుంచి సవరించింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్లేదు."

రాజారావు కూతురి చేతిలో చెయ్యి వేశాడు. ఆయనకి నిజంగా భయమేసింది. తన ఒక్క మాట వల్ల పిల్ల జీవితాంతం ఒక మూతి ముడుపు మనిషి ముందు తలొంచుకుని తిరగాలా అనుకుంటే ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడే ఎడిసన్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాడు.

ముహూర్తం పెట్టేటప్పుడు ఇంకో చిత్రం జరిగింది. పంతులుగారు పంచాంగం తిరగేసి, మాఘమాసంలో ఒక ఆదివారం సాయంత్రం దివ్యంగా ఉందన్నారు. మిగతావన్నీ కోడి కూయకముందు ముహూర్తాలే. ఫిబ్రవరిలో ఆదివారం సాయంత్రం అంత పెద్ద హాలు ఖాళీగా దొరికిందని గిరిజ పొంగిపోయింది. ఎందుకు ఖాళీగా ఉందో రాజారావుకి తెలుసు. దేశమంతా టీవీల ముందు కూర్చునే ఫైనల్ రోజు అది. కానీ ఆ మాట ఎత్తితే ఫుట్‌బాల్ ఎత్తినట్టే. అయినా హామర్స్ ఏంటి, ఫైనల్ ఏంటి అనుకుని ఊరుకున్నాడు. అటు ఎడిసన్‌లో శ్యామ్‌సుందర్‌కీ తెలుసు. ముందటేడు పులుసైన టీమ్‌ని తలుచుకుని ఆయనా ఊరుకున్నాడు. అభిమానులిద్దరూ తమ టీమ్‌ల మీద పెట్టుకున్న నమ్మకం అది.

సెప్టెంబరులో సీజన్ మొదలైంది. హామర్స్ మొదటి ఆట గెలిచారు. ఏదో పొరపాటున అయుంటుందని రాజారావు అనుకున్నాడు. రెండోదీ గెలిచారు. వేరే టీమ్‌లన్నీ ముసలివాడని వదిలేసిన ఒక క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆటంతా నడిపించేవాడిని, చవగ్గా దొరికాడని తెచ్చుకున్నారు. అతను నడుం పట్టుకుని కుంటుతూనే బంతి విసురుతున్నాడు, అది వెళ్ళి పడాల్సిన చేతుల్లోనే పడుతోంది. దీపావళి నాటికి డెట్రాయిట్‌లో జనం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకోవడం మొదలుపెట్టారు.

అక్కడ షార్క్స్ కూడా గెలుస్తున్నారు. ప్రతి సోమవారం సాయంత్రం శ్యామ్‌సుందర్ ఫోన్ చేసేవాడు. పెళ్ళి పనులు మాట్లాడ్డానికని పేరు.

"చూసిన్రా బావగారూ, నిన్న మావోళ్ళ ఆట? గాళ్ళను ఉతికి ఆరేసిన్రు!"

"అద్భుతం అండీ బావగారూ."

"మీవోళ్ళు గూడ గెలిచినట్టున్నరు గదా?"

ఎర వేసి గాలం పట్టుకుని కూర్చున్నాడని రాజారావుకి తెలుసు. "అలాగా అండీ? పనుల్లో పడి చూడలేదు. ఇంతకీ భోజనాలకి అరిటాకులా, ప్లేట్లా?"

ఫోన్ పెట్టేశాక గరాజ్‌లోకి వెళ్ళి, కార్లో కూర్చుని, అద్దాలన్నీ పైకెత్తి, "హామర్స్!" అని ఊపిరాడనంతసేపు అరిచి, జుట్టు సవరించుకుని లోపలికి వచ్చేవాడు. మనిషి బతకాలిగా మరి.

జనవరిలో నాకౌట్లు. మంచు మోకాళ్ళలోతు కురుస్తుంటే హామర్స్ ఒక్కొక్క పెద్ద టీమ్‌నీ ఇంటికి పంపించారు. సెమీఫైనల్ ఆదివారం అనిక వచ్చింది. గెలిచాక తండ్రీకూతుళ్ళు సోఫా ఎక్కి గెంతారు. ఆ తరవాత ఆటలో షార్క్స్ కూడా గెలిచారు. ఇద్దరూ సోఫా మీద నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉండిపోయారు.

"నాన్నా, డేట్ చూశావా?"

"చూశాను తల్లీ."

"ఓ మై గాడ్. ఫైనల్ మనకీ వాళ్ళకీ. నా పెళ్ళి రోజు."

పంతులుగారికి ఫోన్ చేస్తే, గురువారం తెల్లవారుజామున మూడింటికి ఇంకో ముహూర్తం ఉందన్నారు. పిలిచిన నాలుగు వందల మందినీ మళ్ళీ పిలిచి ఆ వేళకి రమ్మంటే వచ్చేది పంతులుగారొక్కరే. ఈలోగా శ్యామ్‌సుందర్ ఫోన్ రానే వచ్చింది.

"ముహూర్తం మార్చే ముచ్చటే లేదు. ఆ దినం మాకు రెండు శుభకార్యాలు, బావగారూ!"

"అంతా దేవుడి దయ" అన్నాడు రాజారావు. ఆ మాట పళ్ళ సందుల్లోంచి వచ్చింది.

రేణు మాత్రం విడిగా గిరిజకి ఫోన్ చేసింది. "షార్క్స్ ఓడితే ఆయనతోని కష్టం వదినా. అన్నయ్యగారిని జర నవ్వకుండ ఉండుమను." గిరిజ ఆ కబురు మొగుడికి చేరవేసి, పంచెకి జేబుండదు కాబట్టి ఫోన్ తన దగ్గరే ఉంటుందని చెప్పింది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది రాజారావు పరిస్థితి. హామర్స్ ఓడిపోతే గుండె పగులుతుంది. గెలిస్తే సంబంధం పగులుతుంది.

పెళ్ళిరోజు వచ్చింది. పిలిచిన ఆఫీసువాళ్ళలో సగంమందికి హఠాత్తుగా జ్వరాలొచ్చాయి. వచ్చినవాళ్ళలో కుర్రకారంతా హాలు వెనక గదిలోని టీవీ దగ్గర చేరారు. మండపంలో గణపతి పూజ మొదలైందో లేదో, వెనక గదిలోంచి గోడ అదిరేలా కేక వినిపించింది. కాలిఫోర్నియా నుంచి పిలిపించిన సన్నాయి మేళం వాళ్ళు, మాంగల్యధారణ అయిపోతోందేమోనని కంగారుపడి గట్టిమేళం అందుకున్నారు. నలుగురైదుగురు పెద్దవాళ్ళు అలవాటుగా అక్షింతలు విసిరేశారు.

"ఆపండి, ఆపండి! ఇంకా వినాయకుడి దగ్గరే ఉన్నాం నాయనా!" అని పంతులుగారు రెండు చేతులూ ఎత్తారు.

ఆ కేక షార్క్స్ టచ్‌డౌన్‌ది. పెళ్ళిలోనూ షార్క్స్ టోపీ తియ్యని శ్యామ్‌సుందర్ కుర్తా జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని, మండపమంతా వెలిగిపోయేలా నవ్వాడు. మగపెళ్ళివారికి జేబులూ ఉంటాయి, ఫోన్లూ ఉంటాయి. రాజారావు కూడా నవ్వాడు. ఇంజనీరింగ్‌లో ఇంత కష్టమైన పరీక్ష ఆయన రాయలేదు.

కన్యాదానం వచ్చింది. ఇత్తడి పళ్ళెంలో అల్లుడి పాదాలు పెట్టుకుని, గిరిజ నీళ్ళు పోస్తుంటే, రాజారావు వంగి కడుగుతున్నాడు. వెనక గదిలో మళ్ళీ కేక. వెనక నిలబడ్డ స్నేహితుడు చెవిలో ఏదో ఊదితే, నీల్ కొద్దిగా ముందుకి వంగి గుసగుసలాడాడు.

"అంకుల్, అది మీది. టచ్‌డౌన్. హామర్స్."

రాజారావు చేతులు పళ్ళెంలో ఒక్కసారి ఆగాయి. పైకి చూస్తే ఎదురుగా శ్యామ్‌సుందర్, తన ముఖంకేసే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. రాజారావు తల దించేసుకుని అల్లుడి పాదాలు రుద్దడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆపకపోయేసరికి పంతులుగారు, "చాలు బాబూ, తెల్లబడ్డాయి" అన్నారు.

జీలకర్ర బెల్లం, మూడు ముళ్ళు అయ్యాయి. ఆటకి మధ్యలో విరామం రావడంతో కుర్రకారంతా మండపం దగ్గరికొచ్చి పడ్డారు, తలంబ్రాలు మహా సందడిగా జరిగాయి. అనిక దోసిళ్ళకొద్దీ బియ్యం నీల్ నెత్తిన కుమ్మరిస్తుంటే రాజారావు అన్నీ మరిచిపోయి చూశాడు. ఈ పిల్ల ఇక ఆదివారాలు ఇంట్లో ఉండదు కదా అనిపించి గుండె కలుక్కుమంది. తరవాత విరామం అయిపోయింది, కుర్రాళ్ళు మాయమయ్యారు.

అక్కణ్ణుంచి రాజారావుకి స్కోరు బోర్డుతో పనిలేకపోయింది. వియ్యంకుడి ముఖం చాలు. ఫోన్ తీసి చూసిన ప్రతిసారీ ఆ నవ్వు కొంచెం కురచవుతోంది. హోమం దగ్గరికొచ్చేసరికి మీసాలొక్కటే మిగిలాయి. సప్తపది అయ్యేసరికి ఆయన ఫోన్ తీయడమే మానేశాడు. హామర్స్ రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారనీ, బంతి మాత్రం వాళ్ళ చేతిలోనే ఉందనీ వెనకాల ఎవరో గొణిగారు.

"వధూవరులకి అరుంధతీ నక్షత్రం చూపించాలి, బయటికి పదండి" అన్నారు పంతులుగారు.

కోట్లూ శాలువలూ కప్పుకుని అందరూ పార్కింగ్ లాట్‌లోకి నడిచారు. కాళ్ళ కింద మంచు కరకరమంటోంది. ఆకాశమంతా మబ్బు, పైనుంచి రవ్వంత మంచు రాలుతోంది. పంతులుగారు ఏ మాత్రం తొణక్కుండా లైటు స్తంభం పైకి వేలు చూపించారు. అందరూ తలలెత్తారు. రాజారావు, శ్యామ్‌సుందర్ పక్కపక్కన నిలబడ్డారు.

అప్పుడు రోడ్డు మీద ఒక కారు హారన్ మోగింది. దాని వెనక ఇంకొకటి. మరో నిమిషానికి ఊరు ఊరంతా మోగిపోయింది. అపార్టుమెంట్ల కిటికీలు తెరుచుకున్నాయి, ఎవరో గిన్నెలు బాదుతున్నారు, ఎదురుగా పెట్రోల్ బంకులో ఒక పెద్దాయన మంచులో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆఖరి క్షణంలో హామర్స్ తన్నిన బంతి గోల్ స్తంభాల మధ్యలోంచి దూసుకుపోయి మూడు పాయింట్లు తెచ్చింది. జీవితంలో మొదటిసారి, రాజారావు టీమ్ చాంపియన్ అయింది.

ఆయన తల దించలేదు. ఆకాశంకేసే చూస్తున్నాడు. దవడలు బిగుసుకుపోయాయి.

"కనబడ్డదా బావగారూ, అరుంధతి?" అన్నాడు శ్యామ్‌సుందర్.

"లేదండీ బావగారూ. మబ్బుగా ఉంది."

ఇద్దరూ లోపలికి నడిచారు.

ఇక మిగిలింది అప్పగింతలు. వెండి గిన్నెలో పాలు పోసి, అనిక చేతులు అందులో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టించారు పంతులుగారు. కుర్రకారు కూడా వెనక గదిలోంచి వచ్చి, రాని గంభీరం తెచ్చుకుని వరసగా నిలబడ్డారు. చెప్పాల్సిన మాట రాజారావు చెప్పాడు.

"ఒక్కతే పిల్లండీ. తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకుని చూసుకోండి బావగారూ."

శ్యామ్‌సుందర్ ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉంది. తల ఊపి, కోడలితో అన్నాడు. "ఇయ్యాల్టి సంది నువ్వు మా ఇంటి పిల్లవు బిడ్డా. మా ఇంట్ల అందరిదీ షార్క్సే. యాదికుంచుకో."

అనిక అలాగే మామయ్యా అనేస్తే అక్కడితో అయిపోయేది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ముక్కుని భుజానికి తుడుచుకుని, తలెత్తింది.

"మామయ్యా, ఇంటిపేరు మారుస్తాను. సిటీ కూడా మారుస్తాను. టీమ్ మార్చను. ఇప్పుడే గెలిచాం."

గిరిజ రెండు చేతులతో నోరు మూసుకుంది. రేణు కళ్ళు మూసుకుంది. సెప్టెంబరు నుంచి రాజారావు ఎవరి కోసం నోరు కుట్టుకుని బతికాడో ఆ పిల్లే, పాలచేతులతో, వియ్యంకుడి ఎదురుగా నిలబడి ఆ మాట అనేసింది. రాజారావు గబగబా ముందుకొచ్చి, "చిన్నపిల్లండీ, తెలియక..." అన్నాడు.

శ్యామ్‌సుందర్ తల అడ్డంగా ఊపి ఆపాడు. కోడలి ముఖం చూశాడు. వియ్యంకుడి ముఖం చూశాడు. మీసాలు కదిలాయి.

"తెలియకేం గాదు. తెలిసే అన్నది. మొగోని లెక్క నిలబడ్డది నా కోడలు." ఆయన గొంతు సర్దుకున్నాడు. "బావగారూ, నేను ప్రతి సోమవారం ఫోన్ చేసింది అరిటాకుల కోసం గాదు. మీరు ఒక్క మాటంటే చాలు, అలుగుదామని చూసిన. మావోళ్ళు గెలిచినప్పుడల్లా మిమ్మల్ని సతాయించిన. మీరు గెలిచినప్పుడు కిమ్మనలే. ఇందాక బయట మీ పక్కనే ఉన్న గదా. మీ దవడ జూసిన. నేనైతే ఓర్సుకోకపోదును."

"బావగారూ..."

"అప్పగింతలు అయిపోయినయి. ఇగ ఎవ్వరికి భయపడే పని లేదు. ఒర్రుండ్రి. కడుపు నిండ ఒర్రుండ్రి."

రాజారావు నోరు తెరిచాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. మండపమంతా ఎదురుచూస్తోంది. ఎన్నేళ్ళుగానో లోపల దాచుకున్న అరుపు గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కూతురి పాలచేతులు కళ్ళబడ్డాయి. అవి ఇంకా వియ్యంకుడి చేతుల్లోనే ఉన్నాయి. అంతే, ఆ అరుపు కాస్తా ఏడుపైపోయింది. చిన్నపిల్లవాడిలా బావురుమన్నాడు. అనిక వచ్చి మెడ చుట్టేసుకుంది. "నాన్నా, గెలిచాం నాన్నా, ఏడవకు" అంటూ తనూ ఏడ్చింది.

శ్యామ్‌సుందర్ కాసేపు చూశాడు. ఈ మనిషి వల్ల ఇక అయ్యేట్టు లేదని అర్థమైంది. టోపీ తీసి రేణు చేతికిచ్చాడు. రాజారావు చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. తిట్టడానికి తప్ప తన జన్మలో ఎన్నడూ పలకని ఆ పేరుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వియ్యంకుడి తరఫున తానే ఒర్రాడు.

"హామర్స్!"